ముల్లు కనిపించిన ఆదివారాలు

నా కంటికి వయసు మీద పడిందని నాకు మొదట చెప్పింది తుపాకీ.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. నౌపడ జంక్షన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ని. అరవయ్యో దశకం చివరి రోజులవి. సరిహద్దుల్లో జరిగిన రెండు యుద్ధాల వేడి ఇంకా జనంలో చల్లారలేదు. చాలా ఊళ్ళలో మామూలు మనుషులకు కూడా రైఫిల్ పేల్చడం నేర్పేవారు. మా దగ్గరా అలాంటి క్లబ్బు ఒకటి పెట్టారు. క్లబ్బంటే తొమ్మిది మందిమి. ఒక కాంపౌండరు, ఇద్దరు పంతుళ్ళు, ఉప్పు ఆఫీసు గుమస్తాలు కొందరు, నేను. రెండు పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు ఉండేవి. నేర్పేవాడు ఒక రిటైర్డ్ హవల్దారు. టెక్కలి పక్క పల్లెవాడు. సైన్యంలో ఎక్కడెక్కడో తిరిగొచ్చినా అతని నోట్లో మా పక్క మాట చెక్కుచెదరలేదు.

మేం కాల్చే చోటు స్టేషన్‌కు తూర్పున మైలు పైన ఉండేది. ఉప్పు మడులు దాటుకుని వెళితే, ఎప్పుడో సాగు మానేసిన పాడు మడులు వచ్చేవి. గట్లు కరిగిపోయి, నేల బీటలిచ్చి, బీటల అంచున ఉప్పు పూసి ఉండేది. ఆ చివర మనిషిన్నర ఎత్తు మట్టికట్ట ఒకటి మిగిలింది. కట్టకు ఎడమ పక్క మొగలి పొదలు. పొదల వెనక ఉప్పుటేరు. ఏటి అవతల, బాగా ఉత్తరానికి, జాలర్ల పేట. కట్ట ముందు టార్గెట్ చెక్కలు రెండు పాతి, వంద గజాల ఇవతల గోనెపట్టాలు పరుచుకుని, బోర్లా పడుకుని కాల్చేవాళ్ళం. కట్ట మీద వెదురుగడకు ఎర్రజెండా కట్టేవాళ్ళం. గుండు తప్పినా సముద్రం వైపే పోతుందని ఆ చోటు ఎంచారు.

గాలి లేవకముందే కాల్చాలని హవల్దారు పట్టు. అందుకని ఆదివారం తెల్లవారగానే వెళ్ళేవాళ్ళం. ఎదురుగా ఎండ పొడిచేది. కట్ట పైన వెలుగు కళ్ళలో కొట్టేది, కట్ట కింద నీడ ఉండేది. ఆ నీడలో తెల్లగా ఉప్పు పూసిన మచ్చలు.

తుపాకీ గొట్టం కొసన చిన్న ఇనప ముల్లు ఒకటి ఉంటుంది. దాని తలను గురి చూసే గాడిలో నిలబెట్టి, ఆ రెంటినీ టార్గెట్ నడిమి నల్లటి చుక్క, అంటే బుల్లు కిందికి తేవాలి. హవల్దారు ప్రతి వారం అదే పాఠం.

"ముల్లు సూడండి బాబూ. బుల్లుని సూడకండి. ముల్లు సూదిలాగ కనబడాల, బుల్లు మసగేసినట్టు కనబడాల. రెండూ ఒక్కపాలి కనపడవు. దేవుడు కన్ను అలగే సేసినాడు."

మూడేళ్ళపాటు నాకు అందులో ఇబ్బంది రాలేదు. క్లబ్బులో మంచి గురి ఉన్నవాళ్ళలో నన్నూ లెక్కపెట్టేవారు. ఆ ఏడు కార్తీకం వెళ్ళాక, చలి ముదిరిన ఒక ఆదివారం, పడుకుని చెంప తుపాకీ కర్రకు ఆనించేసరికి ముల్లు రెండుగా కనిపించింది. కన్ను నలుపుకున్నాను. రెండు ముళ్ళూ కలిసి, చుట్టూ నూగు మొలిచినట్టయింది. దాని వెనక బుల్లు మాత్రం చక్కగా, అంచులు చెక్కినట్టు ఉంది. చెక్కకు కొట్టిన మేకు తల కూడా కనిపిస్తోంది. మనసుకు ఎంత చెప్పినా కన్ను ముల్లు మీద నిలబడదే! జారిపోయి దూరానికి వెళ్ళిపోతోంది. ఆ రోజు నా అయిదు గుండ్లూ చెక్కంతా చెల్లాచెదురుగా తగిలాయి.

ఆ తర్వాతి ఆదివారమే ఆమెను మొదట చూశాను.

పడుకుని, ఊపిరి బిగబట్టి, ముల్లు కోసం వెతుకుతున్నాను. కన్ను ఎప్పటిలాగే జారి టార్గెట్ దాకా పోయింది. ఎడమ చెక్కకు నాలుగైదు అడుగుల అవతల, కట్ట నీడలో, ఒక మనిషి నిలబడి ఉంది. తెల్లటి చీర. నడుం మీద ఏదో పెట్టుకుంది. కదలడం లేదు. మా వైపే తిరిగి ఉంది.

తుపాకీ దించేశాను. "ఎవరో ఉన్నారక్కడ!" అని అరిచాను.

హవల్దారు నా వెనకే ఉన్నాడు. కాల్చేవాడి మోచేతులు, భుజం చూడటం అతని పని. తలెత్తి, అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టి, ఎండలోకి చూశాడు.

"ఎక్కడ బాబూ?"

నేను మళ్ళీ చూశాను. నీడ, ఉప్పు మచ్చలు, ఊగుతున్న మొగలి ఆకులు. అంతే.

"ఎవులూ నేరు. జెండా ఉన్నాది కదా, ఎవులొస్తారు?" అన్నాడు. నేనే పొరబడ్డాననుకున్నాను. కాని ఆ వారం మరి తుపాకీ పట్టలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ అదే చోట, అదే నిలబాటు. ఈసారి అరవలేదు. తుపాకీ దించి, కన్నార్పకుండా చూశాను. ఆమె నన్ను చూస్తున్నట్టే ఉంది. పది లెక్కపెట్టేంతసేపు అలాగే ఉండి, కట్ట మొదట్లో కూర్చున్నట్టయింది. కూర్చోగానే ఉప్పు మచ్చల్లో కలిసిపోయింది.

హవల్దారుకి చెప్పాను. మంచివాడు, నవ్వలేదు. "పదండి, ఎల్లి సూసొద్దాం" అని గట్టిగా మాట్లాడుకుంటూ బయలుదేరాడు. కాంపౌండరు, ఇద్దరు గుమస్తాలు కూడా వచ్చారు. వంద గజాలు నడిచేసరికి అక్కడ ఎవరూ లేరు. నేల రాయిలా బిగిసి ఉంది, అడుగు పడినా తెలియదు. కట్టకు మాత్రం అక్కడక్కడా చెయ్యి పట్టేంత గుంటలున్నాయి.

"ఇవేమిటి?" అన్నాను.

"పీతల బొక్కలు. ఏరు దగ్గిరే కదా" అన్నాడు కాంపౌండరు. తరువాత నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టరుగారూ, నలభై దాటాక కంటి ముందు దారాలు, నీడలు ఆడతాయండీ. మా ఆస్పత్రికి రోజూ వస్తారు ఇలగ సెప్పుకుని" అన్నాడు.

మిగతావాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. అప్పటినుంచి నేను పడుకోగానే వెనక ఎవరో ఒకరు, "అమ్మగారొచ్చినారా మాస్టరుగారూ?" అనడం, అందరూ నవ్వడం.

నవ్వనివాడు ఒక్కడే, మా స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆ మడుల పక్క ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. మధ్యాహ్నం నారోగేజి చిన్న రైలు పర్లాకిమిడి వైపు వెళ్ళిపోయాక, ప్లాట్‌ఫారం మీద బీడీ ముట్టించుకుని తనే ఎత్తాడు.

"ఆ మడులు ఊరికే ఒదిలీనేదు బాబూ. మా తాతల నాడు గాలివానకి ఏరు పొంగి, ఉప్పు మోసీ ఆడోళ్ళు అక్కడే ఉండిపోనారంట. ఒకామె ఇప్పటికీ గంపట్టుకుని నిలబడతాదని మా ముసిల్ది సెప్పీది. ఏటీ సెయ్యదు. మనం సూస్తే అదీ సూస్తాది."

"గంప ఎక్కడ పట్టుకుంటుంది?" అని అడిగాను.

"నడుం మీద."

నేను చూసిన ఆకారం నడుం మీద ఏదో ఉందని ఎవరికీ చెప్పలేదు. హవల్దారుకి కూడా చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఎండలో నిలబడే నాకు చలి వేసింది.

అప్పటినుంచి డ్యూటీలో ఒక అలవాటు పట్టుకుంది. ఊరికే వెళ్ళి ప్లాట్‌ఫారం చివర నిలబడి దూరపు సిగ్నల్ రెక్క చూసేవాణ్ణి. స్పష్టంగా కనిపించేది. రెక్క మీద కాకి వాలితే అదీ కనిపించేది. అంతకు ఆర్నెల్ల ముందే రైల్వే డాక్టరు అక్షరాల అట్ట చివరి వరస దాకా చదివించి, దూరపు చూపు దివ్యంగా ఉందని రాశాడు. అలాంటప్పుడు కట్ట దగ్గర లేని మనిషి ఎందుకు కనిపిస్తున్నట్టు? సిగ్నల్ సరిగ్గా చూసే కన్ను, మనిషి దగ్గరికొచ్చేసరికి తప్పు చూస్తుందా? ఇలా ఆలోచించినకొద్దీ, అది కంటికి సంబంధించింది కాదని భయం పట్టుకుంది. రేపు సిగ్నల్ రెక్క కూడా లేనిది ఉన్నట్టు కనిపిస్తే? బండి నిండా జనం ఉంటారు.

మూడో ఆదివారం, నాలుగో ఆదివారం కూడా ఆమె కనిపించింది. ఎవరితోనూ అనలేదు. ఆమె కూర్చునేదాకా తుపాకీ దించి ఆగి, తరువాత టార్గెట్‌కు బాగా కుడి పక్కకు పెట్టి, లెక్కకు అయిదు గుండ్లు కాల్చి లేచేవాణ్ణి. నా చెక్క మీద చిల్లులు ఉండేవి కావు.

ఇంట్లో మా ఆవిడ పసిగట్టింది. "ఏటండీ, ఆదివారం వస్తాదంటే మొకం అలగైపోతున్నాది? బాగోకపోతే మానీకూడదా?" అంది. జరిగింది చెప్పాను. ఆమె లేచి వెళ్ళి, అమ్మవారి కుంకం పొట్లం కట్టి నా చొక్కా జేబులో పెట్టింది. తర్వాత, "కుంకం కుంకమే. కళ్ళ డాక్టరుకీ సూపించుకోండి. విజయనగరం ఎల్లండి" అంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని విని హవల్దారు ఒక మంచి పని చేశాడు. నన్ను పట్టా మీద పడుకోబెట్టి, తుపాకీ పట్టించి, నా కనుబొమ దగ్గరినుంచి ముల్లు దాకా దారం లాగి ముడి వేశాడు. రెండు మూరలకు కాస్త తక్కువ వచ్చింది.

"డాక్టరుకి ఈ దారం సూపించండి. పుస్తకం సదివీ అద్దం వద్దు, ఈ ముడి కాడ సూపు కావాలని సెప్పండి. మా రెజిమెంట్లో ఒక సుబేదారు ఇలగే సేసినాడు" అన్నాడు.

పాసింజరు బండిలో విజయనగరం వెళ్ళాను. కోట దగ్గర ఒక మేడ మీద ఉండేవాడు ఆ డాక్టరు. పెద్దవాడు. దారం చూసి ముచ్చటపడ్డాడు. ఒక కొస నా నుదుటి దగ్గర పట్టుకోమని, రెండో కొసన తన పెన్ను ములుకు నిలబెట్టి, ఒక్కొక్క అద్దం మార్చి మార్చి చూపించాడు. ఒక అద్దానికి ములుకు టక్కున సూదిలా తేలింది. అయిదారు వారాలుగా చూడని పదును అది.

"జబ్బేమీ కాదండీ" అన్నాడాయన. "కంట్లో ఉండే కటకం వయసుతో బిగుసుకుంటుంది. దూరం బాగానే ఉంటుంది, దగ్గరకు రాలేదు. మీ దూరపు చూపు నాకంటే బాగుంది."

"మరి ఆ మనిషి?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఎండకు ఎదురుగా, అలిసిన కన్నుతో, ముల్లు దొరక్క వెతుకుతూ చూస్తున్నారు. అలాంటప్పుడు కన్ను ఏదో ఒకటి కల్పిస్తుంది. అద్దం పెట్టుకున్నాక కూడా కనిపిస్తే అప్పుడు రండి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ అద్దం మీ దారం కొస దాకానే. దాని అవతల అంతా మసక. ఇది పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి మాత్రం వెళ్ళకండి."

కుడి కంటికే పవరు, ఎడమ కంటికి ఊరికే అద్దం. పడుకుని గురి చూసేటప్పుడు మనిషి అద్దం నడిమిలోంచి చూడడు, ముక్కు వైపు పై మూలలోంచి చూస్తాడు. అందుకని అక్కడికే సరిపడేలా కళ్ళజోడు కట్టించాడు. దుకాణం అతను, "ఇదేం జోడండీ, పెట్టుకుంటే చెట్టుకు గుద్దుకుంటారు" అన్నాడు.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం ఆ జోడు పెట్టుకుని పడుకున్నాను. ముల్లు నిలబడింది. నల్లగా, ఒంటరిగా, అంచులు కోసుకుపోయేలా. దాని వెనక బుల్లు బూడిదరంగు మరకలా ఉంది. ఇంకా వెనక కట్ట ఉందంటే ఉంది. ఆమె లేదు.

అయిదు గుండ్లలో నాలుగు బుల్లులో పడ్డాయి. హవల్దారు చెక్క దగ్గర నిలబడి, "బాబూ, పాత సెయ్యి ఒచ్చీసినాది!" అని అక్కడినుంచే అరిచాడు. ఆ పూట ఇంటికొచ్చి జేబులోంచి కుంకం పొట్లం తీసి దేవుడి గూట్లో పెట్టేశాను.

అలా మూడు ఆదివారాలు. గురి కుదిరింది, నవ్వులు ఆగాయి. కాని నేను నాకు కూడా చెప్పుకోనిది ఒకటి ఉంది. కట్ట నీడలో ఉప్పు మచ్చలు ఉండేవని చెప్పాను కదా, ముల్లు వెనక మసకలో అవి లీలగా తెలిసేవి. అందులో ఒకటి కాస్త పొడుగ్గా ఉండేది. మొదటి వారం అది చెక్కకు దూరంగా ఉంది. మరుసటి వారం ఇంకొంచెం దగ్గరగా ఉన్నట్టనిపించింది. మచ్చలు కదలవు కదా అని దానివైపు చూపు పోనివ్వలేదు. డాక్టరు మాట ఉంది నాకు. దారం అవతల ఉన్నదాన్ని పట్టించుకోవడం ఎందుకు?

నాలుగో ఆదివారం చలి ఎక్కువగా ఉంది. మంచు తెరలు మడుల మీద తేలుతున్నాయి. నాతోపాటు రెండో పట్టా మీద కాంపౌండరు కాల్చాడు. అతను ముందే ముగించి, తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టుకున్నాడు. నేను మూడు కాల్చాను. నా ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది. ముల్లు చెదిరింది. ఆగి తుడుచుకోవలసింది. కంగారులో నాలుగోది లాగేశాను. లాగుతుండగానే తెలిసింది, గొట్టం ఎడమకు పోయిందని.

తుపాకీ దించి, జోడు తీసి, పంచె కొంగుతో తుడుస్తూ తలెత్తాను. ఒట్టి కన్ను ఒక్కసారిగా దూరానికి వెళ్ళిపోయింది.

పొడుగాటి తెల్ల మచ్చకు చెయ్యి ఉంది.

ఎడమ చెక్కకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుం మీది గంప మీద, రెండో చెయ్యి పైకెత్తి నా వైపు ఊపుతోంది. ముక్కుకున్న నల్లటి పోగు కూడా కనిపిస్తోంది నాకు.

"ఆపండి! ఎవరూ కాల్చకండి!" అని అరుస్తూ లేచాను. కాంపౌండరు నా పంచె పట్టుకున్నాడు. "మాస్టరుగారూ, మళ్ళీ మొదలెట్టీసినారా?" అన్నాడు. విదిలించుకుని పరుగెత్తాను. చెప్పుల్లేవు, ఉప్పు బీటలు కాళ్ళను కోస్తున్నాయి. పరుగెత్తుతూనే ఒక్కటే అనుకుంటున్నాను. దగ్గరికి వెళ్ళేసరికి మాయమైపోవాలి. దయ్యమే అయి ఉండాలి. మనిషి కాకూడదు. నా జీవితంలో దయ్యం కోసం మొక్కుకున్నది ఆ వంద గజాలే.

ఆమె మాయం కాలేదు.

ముసలామె. అరవై దాటి ఉంటాయి. మట్టి కొట్టుకుపోయిన తెల్లచీర, మోకాళ్ళ పైకి దోపుకుంది. ఒక కన్ను పూర్తిగా తెల్లటి పువ్వు, రెండోది సగం. నా అడుగుల చప్పుడు విని చెయ్యి దించి, చెవి నా వైపు తిప్పింది. గంపలో మట్టిపెళ్ళలు, వాటి మధ్య మా గుండ్లు, వంకరపోయినవి, నలిగినవి. గంపకు ఒక పక్క, ఆమె మోచేతికి రెండు వేళ్ళ కింద, వెదురు చీలి ఒక చిల్లు. అటు పక్క ఇంకొక చిల్లు. ఆమెకు తెలియదు.

"తగిలిందా? ఎక్కడైనా తగిలిందా?" అని ఆమె చెయ్యి తడిమాను.

"ఏటి తగల్డం? ఏటైంది బాబూ?" అంది. "సర్కారు సీసం తీసినానని కొట్టీకు. ఊరికే మట్టిలో పోతాది కదాని తీస్తన్నాను."

హవల్దారు అప్పటికి వచ్చాడు. ఆమెను చూశాడు, చిల్లు చూశాడు. అక్కడే చతికిలబడ్డాడు. "ఇరవయ్యేళ్ళు ఇదే పని సేసినాను" అని తల పట్టుకున్నాడు. మిగతావాళ్ళు దూరంగా ఆగిపోయారు.

ఆమె చెప్పింది ఇది. ఏటి అవతల జాలర్ల పేట ఆమెది. కొడుకు వలకు అడుగంచున సీసం గుళ్ళు కట్టాలి, అవి లేకపోతే వల మునగదు. మా గుండ్లు ఏరుకుపోయి, నిప్పుల్లో సీసం కరిగించి గుళ్ళు పోసుకుంటున్నారు. ఆటు ఉన్నప్పుడు ఏరు దాటి వచ్చి, పోటు రాకముందే వెళ్ళిపోవాలి. మేం నడిచి వస్తుంటే మాటలు విని మొగలి పొదల్లో దాక్కునేది.

"మేం కాల్చి వెళ్ళిపోయాక రావచ్చు కదా?" అన్నాను.

"అప్పటికి సల్లారిపోతాయి. నాకు కళ్ళు కనపడవు. ఏడిగా ఉంటే సెయ్యికి తెలస్తాది. సల్లారిపోతే మట్టీ అదీ ఒక్కలాగే ఉంటాది." అని కట్టలోని గుంటలు వేళ్ళతో చూపించింది.

"పేలుస్తుంటే ఎలా లేచి నిలబడ్డావు? చచ్చిపోతావని తెలీదా?"

ఆమె నవ్వింది. "అందరూ టపటపా పేల్చీసి ఎల్లిపోతారు. ఒకాయన మట్టుకు ఆగుతాడు. ఆగినాడంటే నన్ను సూసినాడని. ఆయన ఆగినప్పుడే నాను లెగిసి నిలబడతాను. నువ్వేనా ఆ బాబు?"

నేనేనన్నాను.

"ఈమద్దె ఆగడం మానీసినావు. ఏటో అనుకున్నాను. గాని నీ మొకం మీద ఏదో మెరస్తంది. నాకు ఇంకేటీ కనపడదు గాని ఆ మెరుపు కనబడతాది. మెరిసినాదంటే బాబొచ్చినాడు, మరి బయ్యం నేదు, దగ్గిరికి రమ్మంతన్నాడని దగ్గిరికొచ్చీదాన్ని."

నా చేతిలో కళ్ళజోడు ఉంది. ఎదుటి ఎండ దాని మీద పడి మెరుస్తోంది. నేను అద్దం పెట్టుకోబట్టి ఆమె నాకు కనపడకుండా పోయింది. అదే అద్దం చూసి ఆమె వారం వారం నా గుండుకు దగ్గరగా జరిగింది. ఇందులో ఎవరు ఎవరికి దయ్యమో నాకు అర్థం కాలేదు. జోడు మడిచి జేబులో పెట్టేశాను.

రెండు నెలలు కాల్పులు ఆపించాడు హవల్దారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కట్ట పక్కన ఈలతో, జెండాతో ఒక మనిషి ఉండాలని పెట్టాడు. ప్రతి వారం ఆ మనిషి తనే. గుండ్లన్నీ మేమే ఏరి, గోనెలో కట్టి పేటకు పంపేవాళ్ళం. నేను జోడు మానలేదు, అది లేకపోతే ముల్లు లేదు. కాని ప్రతి గుండుకు ముందు దాన్ని నుదుటి మీదికి తోసి, కట్ట ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒట్టి కంటితో చూసి, అప్పుడు దించుకుని కాల్చేవాణ్ణి. నా ఒక్కడి వంతుకే అరగంట పట్టేది. ఎవరూ విసుక్కోలేదు. నన్ను ఏడిపించిన కాంపౌండరు మాత్రం క్లబ్బుకు రావడం మానేశాడు. బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఆమెను, ఆమె కొడుకును తీసుకుని మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. జరిగిందంతా విని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను చెప్పింది తప్పండీ. మీ కన్ను నిజమే చూసింది" అన్నాడు. సగం చూపు మిగిలిన కంటికి ఆయనే ఆపరేషన్ చేశాడు. రెండోదానికి ఆశ లేదన్నాడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె స్టేషన్‌కు వచ్చింది. సీసా అడుగులాంటి దళసరి అద్దాల జోడు. నా ముందు నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా చూసింది.

"నువ్వేనా బాబూ? ఇంకా కుర్రోడివనుకున్నాను."

నవ్వొచ్చింది నాకు. బెంచీ మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు. అమ్మకానికి తీసుకెళ్తున్న ఎండుచేపల గంప దించి, బీటవారిన నేల వైపు చూస్తూ, "ఒక మాట అడగాలని వచ్చినాను" అంది. "గంపలోంచి పోయినాదే, అది కాదు. దానికి రెండు వారాల ముందు ఒకటి నా సెవి పక్కనించి పోనాది. ఈగలాగ జుంయ్‌మన్నాది. ఏడి తగిలినాది కూడాను. అదీ నీదేనా?"

ఆ రెండో వారం నాకు బాగా గుర్తుంది. నా అయిదు గుండ్లూ బుల్లులోనే ఉన్నాయి. హవల్దారు చెక్క ఊడదీసి మరీ అందరికీ చూపించాడు. ఆ పూట కాల్చినవాళ్ళం ఏడుగురం.

"నాది కాదు" అన్నాను.

"మరెవులిది?"

తెలీదన్నాను. నిజంగానే తెలీదు. ఆ మిగిలిన ఆరుగురిలో ఎవరి గుండో, వాళ్ళకీ తెలీదు. అందులో నలుగురితో తరువాత ఏళ్ళ తరబడి కలిసి టీ తాగాను. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒక్కరు కాదు, ఆరుగురూ నిద్రపోరు.

ఆమె "పోన్లే" అంది. ఇంతలో చిన్న రైలు కూత వేసింది. గంప నెత్తికెత్తమంది. ఎత్తాను. కొత్త కన్నుకు మెట్టు ఎత్తు ఇంకా అందడం లేదు, పెట్టె మెట్టు మీద పాదం పెట్టబోయి రెండుసార్లు గాలిలో పెట్టింది. మూడోసారి నేను పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాను.